ఒకే రిమోట్ ఎవరి చేతికి?

ఉక్కు కర్మాగారంలో జీవితమంతా పనిచేసి ఉద్యోగ విరమణ పొందిన కుటుంబాలు కూర్మన్నపాలెంలోనూ, దువ్వాడ, గాజువాక పరిసరాలలోనూ ఎన్నో ఉన్నాయి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, గల్ఫ్ దేశాలలోనో స్థిరపడ్డారు. సెలవులకు వచ్చినప్పుడు తల్లిదండ్రుల సుఖం కోరి పెద్ద టీవీ, సౌండ్‌బార్, ఇంటర్నెట్ కార్యక్రమాలు చూపే స్టిక్ కొని అమర్చి వెళతారు. సెట్‌టాప్ బాక్స్ అంతకు ముందే ఉంటుంది. అలా ఆ ఇంటి టీపాయ్ మీద నాలుగు రిమోట్లు చేరతాయి. ఏది దేనిదో తెలిసినవాడు విమానం ఎక్కిన మరునాటి నుంచి ఆ ఇంట్లో ఒక కొత్త పరాధీనత మొదలవుతుంది. తెర మీద ‘నో సిగ్నల్’ అన్న అక్షరాలు కనబడగానే అమ్మీ రిమోట్ కింద పెట్టేస్తుంది. పక్కింటి పిల్లవాడు బడి నుంచి వచ్చేదాకా ఎదురుచూస్తుంది.

టీవీలో ఏమి చూడాలి, ఎంతసేపు చూడాలి అన్నది వేరే చర్చ. ఇంట్లో ఉన్న వస్తువు ఇంటి పెద్దల మాట వినాలన్నదే ఈ నెల మా మాట. అజాన్ వినిపించగానే టీవీ గొంతు తగ్గించాలని అందరికీ తెలుసు. తగ్గించే బటన్ ఏ రిమోట్‌లో ఉందో తెలియని అవ్వ ఏమి చేయగలదు? రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోయే కొడుకు ఉన్న ఇంట్లోనూ ఇదే చిక్కు. ఆపడం చేతకాని చేతికి నిగ్రహం బోధించి ప్రయోజనం లేదు.

ఈ చిక్కుకు విరుగుడుగా యూనివర్సల్ రిమోట్లు వచ్చాయి. వీటిలో ‘నేర్చుకునే’ రకం ఒకటి ఉంది. అది ఎలా నేర్చుకుంటుందో తెలుసుకుంటే దానిని వాడడం తేలిక.

1956లో అమెరికాలోని జెనిత్ సంస్థ కోసం రాబర్ట్ ఆడ్లర్ రూపొందించిన ‘స్పేస్ కమాండ్’ రిమోట్‌లో బ్యాటరీయే లేదు. బటన్ నొక్కితే లోపలి చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని తాకేది. మనిషి చెవికి అందనంత హెచ్చు స్థాయి ధ్వని పుట్టేది. టీవీ దానిని గ్రహించేది. తరువాతి కాలంలో ధ్వని స్థానాన్ని పరారుణ కాంతి ఆక్రమించింది. నేటి రిమోట్ కొనలో ఉండే చిన్న దీపం కంటికి కనబడని ఆ కాంతిని చాలా రకాలలో సెకనుకు సుమారు 38 వేల సార్లు మిణుకుమనిపిస్తుంది. ఆ మిణుకుల నిడివిలో, వాటి మధ్య విరామాలలో సందేశం ఇమిడి ఉంటుంది. ఈ ఆజ్ఞ ఏ పరికరానికి, చేయవలసిన పని ఏమిటి అనే రెండు సంగతులు సాధారణంగా అందులో ఉంటాయి. ఒక రిమోట్ పంపే మిణుకులను మరొక రిమోట్ గ్రహించి, దాచుకొని, అవసరమైనప్పుడు తిరిగి పంపడమే నేర్చుకోవడం. ఆపిల్ సంస్థ స్థాపకులలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ 1987లో ఇటువంటి రిమోట్‌ను ‘కోర్’ అనే పేరుతో విడుదల చేశారు. దాని శక్తి గొప్పదే. దానిని సిద్ధం చేసుకోవడం మాత్రం సామాన్యులకు సులభం కాలేదు. ఆ లోపం ఈ జాతి వస్తువులను నేటికీ పూర్తిగా వదలలేదు.

కొత్త రిమోట్ కొనే ముందు ఇంట్లో ఉన్న సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌ను ఒకసారి పరికించండి. అనేక రిమోట్లలో ఒక మూల ‘టీవీ’ అని గీత గీసి నాలుగైదు బటన్లు విడిగా ఉంటాయి. అవి నేర్చుకునే బటన్లే. టీవీ రిమోట్‌ను, దీనిని ఒకదానికొకటి ఎదురెదురుగా రెండు అంగుళాల దూరంలో బల్ల మీద ఉంచాలి. నేర్పే బటన్‌ను ఎర్రదీపం నిలకడగా వెలిగేదాకా నొక్కిపట్టాలి. తరువాత నేర్వవలసిన బటన్‌ను, ఆపైన అసలు రిమోట్‌లోని బటన్‌ను నొక్కాలి. దీపం మినుకుమంటే పాఠం వచ్చినట్లే. నమూనాను బట్టి ఈ క్రమంలో స్వల్ప భేదాలుంటాయి. వెంట వచ్చే కాగితం చూసుకోవాలి. రెండింటిలోనూ కొత్త సెల్లులు ఉండాలి. రిమోట్ పనిచేస్తున్నదో లేదో అనుమానం కలిగితే, దాని కొనను ఫోన్ ముందువైపు కెమెరాకు చూపి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో ఊదా రంగు వెలుగు కనబడుతుంది.

ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఇంటర్నెట్ స్టిక్‌ల రిమోట్లు అనేకం స్టిక్‌తో బ్లూటూత్ ద్వారా, అంటే రేడియో తరంగాలతో మాట్లాడతాయి. ఆ మాటలను పరారుణ రిమోట్ నేర్వలేదు. అక్కడ మరొక దారి ఉంది. టీవీకి, స్టిక్‌కు మధ్య ఉన్న హెచ్‌డీఎంఐ మార్గంలో టీవీ రిమోట్ ఆజ్ఞలు కూడా ప్రయాణించగలవు. టీవీ సెట్టింగులలో ఈ సౌకర్యాన్ని శాంసంగ్ ‘ఎనీనెట్ ప్లస్’ అని, ఎల్‌జీ ‘సింప్‌లింక్’ అని, సోనీ ‘బ్రావియా సింక్’ అని పిలుస్తాయి. పరికరాలు రెండూ దీనికి అనువైనవైతే, దానిని ఆన్ చేసి ఉంచితే, స్టిక్‌ను టీవీ రిమోట్‌తోనే నడపవచ్చు.

ఇంతవరకు చెప్పినది పనితనం. అసలు చిక్కు ఇక్కడి నుంచి ఉంది. కొన్ని రిమోట్లలో ఒకే బటన్‌కు వరుసగా అనేక ఆజ్ఞలు అప్పగించవచ్చు. ఒక్కసారి నొక్కితే టీవీ, బాక్స్, సౌండ్‌బార్ మూడూ వెలుగుతాయి. వినడానికి ముచ్చటగా ఉంటుంది. అయితే పరారుణ రిమోట్ చెప్పడమే తప్ప వినదు. చాలా పరికరాలలో వెలిగించేదీ ఆర్పేదీ ఒకే ఆజ్ఞ. కరెంటు పోయి వచ్చినప్పుడు బాక్స్ తనంతట తానే వెలిగి, టీవీ ఆరిపోయి ఉందనుకోండి. ఆ ముచ్చటైన బటన్ నొక్కగానే టీవీ వెలుగుతుంది, బాక్స్ ఆరిపోతుంది. మళ్లీ నొక్కితే టీవీ ఆరి బాక్స్ వెలుగుతుంది. ఎన్నిసార్లు నొక్కినా రెండూ కలవవు. అమర్చిన కుమారునికి కారణం అర్థమవుతుంది. ఒంటరిగా కూర్చున్న తల్లి మాత్రం తన చేయి తగిలి ఏదో చెడిపోయిందని భయపడుతుంది. వయసు మళ్లినవారికి ఈ భయం చిన్నది కాదు. అది క్రమంగా తనకేమీ చేతకాదన్న నిరాశగా మారుతుంది.

టీవీ వినోదానికి మాత్రమే కాదన్నది విశాఖ వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీదనే తీరం దాటింది. అటువంటి రోజుకు ముందు హెచ్చరికలు వినవలసిన వేళ, వార్తల ఛానల్ పెట్టుకోలేని వృద్ధ దంపతులను తలచుకోండి.

తరగతిలో పాఠం చెప్పేటప్పుడు ముందు వరుసలోని చురుకైన విద్యార్థిని చూసి చెబితే ఉపాధ్యాయునికి తృప్తి కలుగుతుంది. కాని పాఠం నిజంగా అందిందో లేదో తెలిపేది వెనుక వరుసలో తలవంచుకొని కూర్చున్నవాడే. ఇంట్లో రిమోట్ అమర్చేవారు కూడా ఈ నియమాన్నే పాటించాలని మా మనవి. ఆ ఇంట్లో అందరికంటే తక్కువ తెలిసినవారు ఎవరో వారి కోసం అమర్చండి. యాభై బటన్లు నేర్పగలిగినా ఐదారే నేర్పండి: వెలిగించడం, ఆర్పడం, ధ్వని పెంచడం, తగ్గించడం, పూర్తిగా మూయడం, వార్తల ఛానల్ అంకెలు. టీవీకి, బాక్స్‌కు విడివిడి బటన్లే ఉంచండి. ఏది ఆరిపోయిందో చూసి దానినే నొక్కుకుంటారు. ధ్వని మూసే బటన్ మీద గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టండి. అమ్మీకి ఉర్దూ వస్తే ఉర్దూలో, అబ్బాకు తెలుగు వస్తే తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన అంటించండి. ‘నో సిగ్నల్’ అని వస్తే ఏమి నొక్కాలో మొదటి వరుసలోనే రాయండి.

పాత రిమోట్లను పారవేయవద్దు. సెల్లులు తీసి, పేరు రాసి, ఒక డబ్బాలో భద్రపరచండి. కొన్ని రకాలు సెల్లులు మార్చగానే నేర్చినదంతా మరచిపోతాయి. గురువు మళ్లీ అవసరమవుతాడు. ఖరీదైన రిమోట్‌ను చూసి మురిసిపోనూ వద్దు. ఇంటర్నెట్ ద్వారా అమర్చుకునే ‘హార్మనీ’ రిమోట్లకు ఎంతో పేరుండేది. లాజిటెక్ సంస్థ 2021లో వాటి తయారీని మానుకున్నట్లు ప్రకటించింది. సామాన్యమైన వస్తువు, తెలిసిన పద్ధతి ఎక్కువ కాలం తోడుంటాయి.

తల్లిదండ్రుల సేవ అనగానే డబ్బు పంపడం, మందులు కొనడం మనకు గుర్తుకు వస్తాయి. వారిని మరొకరి మీద ఆధారపడకుండా చేయడం కూడా సేవే. అది ఒక్కోసారి పైకానికంటే ఓర్పును ఎక్కువ కోరుతుంది. కనుక సెలవులకు వచ్చిన కుమారులారా, కుమార్తెలారా! అమర్చడం పూర్తయ్యాక రిమోట్ అమ్మీ చేతికిచ్చి మీరు పక్క గదిలోకి వెళ్లండి. ఆమె పిలిచేదాకా రావద్దు. వరుసగా మూడు రోజులు ఆమె తానే వెలిగించి, అజాన్ వేళ గొంతు మూసి, పడుకునే ముందు ఆర్పగలిగితే మీ పని పూర్తయినట్లు. అంతవరకు రిమోట్ అమరలేదనే అనుకోండి.