కుటుంబమునకు పెద్దగది: హుజూర్‌నగర పౌరులకు ఒక విన్నపము



ప్రొద్దుగ్రుంకిన పిదప మన పట్టణమున నడచిపోవువానికి రెండు విధములైన దృశ్యములు కానవచ్చును. మొదటిది మద్యము దుకాణమునకు ప్రక్కనుండు పర్మిట్ రూము. అందు పురుషులు నిలుచుండియే ప్లాస్టిక్ గ్లాసులో సగము మద్యము, సగము నీరు కలుపుకొని, చేతిలోని పల్లీల పొట్లమునే భోజనముగా భావించుచు, పది నిమిషములలో ఆ పని ముగించి మోటారు సైకిలెక్కి పోవుచుందురు. రెండవది ‘ఫ్యామిలీ’ అను అక్షరములు ఎర్రదీపములతో వెలుగు భోజనశాల. ఆ అక్షరములను నమ్మి ఒకనాడు నేను నా తల్లిని, భార్యను, ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని అట్టిదానికి పోయితిని. గాలియు వెలుతురును గల విశాలమైన గది యంతయు త్రాగువారికి విడువబడియుండగా, ఏ కుటుంబము పేరు చెప్పి బల్ల కట్టిరో ఆ కుటుంబమును మాత్రము, ప్లైవుడ్ పలకలతో అడ్డము గట్టి మాసిన తెర వ్రేలాడదీసిన ఇరుకుగూటిలోనికి పంపిరి. మా అమ్మ ఆ తెరను రెండు వ్రేళ్లతో తొలగించి బయటికి చూచి, “మనమేం తప్పు జేసినం కొడుకా, గిట్ల తెరేసి దాసిపెట్టిండ్రు?” అనెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఈ కరపత్రము వ్రాయుటకు అదియే కారణము.

కుటుంబము తలవంచుకొని తెరచాటునకు పోవుటయు, త్రాగువాడు ఇంటివారి కన్నుగప్పి నిలుచుండి త్రాగుటయు వేర్వేరు విషయములుగా తోచును గాని, రెండును ఒకే వ్యాధికి లక్షణములు. మన యూర భుజించు స్థలము వేరు, త్రాగు స్థలము వేరు, ఇల్లాలికి చోటుండు స్థలము వేరు అయిపోయినవి. కావున గీత కార్మిక సహకార సంఘమువారి యాజమాన్యమున, కల్తీలేని కల్లును, చల్లని నీరాను, మన వంటలను ఒక్కచోట పెట్టి, పెద్దగదిని కుటుంబములకే విడిచిన భోజనశాల నొకదానిని మన పట్టణమున నెలకొల్పవలెనని నా విన్నపము.

ఇది పట్నపు మోజని కొందరనవచ్చును. హైదరాబాదున 2015వ సంవత్సరపు నియమావళి ననుసరించి మైక్రోబ్రూవరీలు వెలసినవి. అక్కడికక్కడే చిన్నచిన్న పాత్రలలో గోధుమ, బార్లీ మాల్టులను పులియబెట్టి, సీసాలకెక్కింపక ఆ తాజాదనముతోనే పోయు బీరునకు ‘క్రాఫ్ట్ బీరు’ అని పేరు. దానిని మెచ్చుకొనువారు చెప్పు గుణములు మూడు: అది స్థానికము, అది తాజా, ఒకచోటి రుచి మరియొకచోట నుండదు. ఈ మూడును విన్నప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. మన గౌడసోదరుడు తెల్లవారుజామున మోకు, ముస్తాదు భుజమున వైచుకొని, గుజి కాళ్లకు తగిలించి, తాడెక్కి, గెలను కత్తితో పలుచగా చెక్కి, లొట్టిని దించి తెచ్చునది మరేమి? పోతుతాటి కల్లు రుచి పండుతాటి కల్లునకు లేదు. చలికాలపు ఈతకల్లు ఈ రెంటినిబోలదు. ఒకే చెట్టు కల్లు ఉదయము తియ్యనై, మధ్యాహ్నమునకు పులిసి, సాయంకాలమునకు ఘాటెక్కును. యంత్రము లేదు, దిగుమతి సరుకు లేదు, గాలిలోని ఈస్టే దానిని పులియబెట్టును. ఆకు మడిచిన రేకలో పోసి త్రాగిన ఆ పానీయమును కల్లుమండువ మట్టిలో కూర్చుండబెట్టి, గాజుగ్లాసులోని గోధుమబీరునకు ఏసీ గదిలో పీట వేసినాము. రుచి తెలియక కాదు; కూర్చుండుటకు మర్యాదయైన చోటు కల్పింపకపోవుటచేత.

మర్యాదయైన చోటు ఎట్లుండునో చూడగోరువారు బవేరియాను చూడవచ్చును. అచ్చటి బీరు తయారీదారులు నేలమాళిగలను చల్లగా నుంచుటకై వాటిపై చెట్లను నాటి, ఆ నీడను బల్లలు వేసి బీరు నమ్మసాగిరి. పూటకూళ్లవారు తమ వ్యాపారము చెడుచున్నదని మొరపెట్టుకొనగా, 1812లో రాజు మాక్సిమిలియన్, తోటలలో బీరు అమ్మవచ్చును గాని భోజనము అమ్మరాదని శాసించెను. అప్పుడు జనులు ఇంటినుండి సద్ది కట్టుకొని పిల్లాజెల్లాతో వచ్చి చెట్లక్రింద కూర్చుండ మొదలిడిరి. ఆ సద్ది హక్కు నేటికిని చెల్లుచున్నది. అంత దూరమేల, కేరళమున కాలువగట్లపైని కల్లుషాపులలో కర్రపెండలము, చేపల పులుసు తినుటకై కుటుంబములు కుటుంబములే వచ్చుచుండును; కల్లు త్రాగనివారు సైతము కూరకొరకు పోవుదురు.

మనకును ఇది క్రొత్తకాదు. బోనాలనాడు ముత్యాలమ్మకు సాకపోయు కల్లు ఇంటి ఆడుబిడ్డ చేతిమీదుగనే పోయుట మన ఆచారము. నాట్ల కాలమున ఆడమగ యనక కూలీలందరును గట్టున కూర్చుండి గుడాలతో పాటు కల్లు త్రాగుట పెద్దలెరిగినదే. ఇక కలిసి భుజించుట యందు జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సును మించిన పాఠశాల లేదు. జనవరి మాసమున పాలకీడు మండలమునకు హిందువులు, ముసల్మానులు బండ్లుగట్టుకొని పోయి, కందూరు చేసి, చెట్లక్రింద రాళ్లపొయ్యిలు పెట్టి వండుకొని తినునప్పుడు ఎవ్వరికిని తెర అవసరపడదు. ఆ వంటల రుచి ఏడాదికొకనాడే ఎందుకు? జొన్నరొట్టె, బోటికూర, కృష్ణ చేపల పులుసు, పచ్చిపులుసు, గుడాలు మన భోజనశాలల పట్టికలలో కానరాక, ఎచ్చట చూచినను ఒకే ఎర్రరంగు కోడిముక్కలు, ఒకే నూడుల్సు కనబడుట మన వంటవారి దారిద్ర్యము కాదు గదా!

ఇక కల్లు సంగతి చూతము. 1967లో నాగార్జునసాగరు ఎడమకాలువకు నీరు విడిచిన తరువాత మన మెట్టనేలలు మాగాణులైనవి, ఊరూర బియ్యపు మిల్లులు లేచినవి; మేళ్లచెరువు, మట్టంపల్లి వైపున సిమెంటు కర్మాగారములు వచ్చినవి. సంపద పెరిగినది, తాళ్లు తగ్గినవి. ఇక్కడనే మన అసలు సంకటము దాగియున్నది. చెట్టు ఇచ్చు కల్లునకు మితి గలదు, త్రాగువాని దాహమునకు మితి లేదు. ఈ వ్యత్యాసమును పూరించుటకు కొందరు క్లోరల్ హైడ్రేటును, అల్ప్రాజోలామును, డైజిపామును నీళ్లలో కలిపి, చెట్టు చూడని ద్రవమును కల్లని నమ్ముచున్నారు. 2015లో మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాలలో అధికారులు దాడులు జరిపి ఆ సరఫరాను అరికట్టగా, అందులకు అలవాటుపడిన అభాగ్యులు మతిచలించినట్లై ఆసుపత్రులలో చేరిరి. 2025 జూలై మాసమున హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు ప్రాణములనే తీసినది. కల్లునకు చెడ్డపేరు తెచ్చినది తాటిచెట్టు కాదు.

అందుచేత మన భోజనశాల ద్వారమున ఒక నల్లబల్ల నుండవలెను. ఏ గ్రామపు తోపునుండి, ఎన్ని చెట్లనుండి, ఎవరు గీసిన కల్లు, ఏ వేళకు దించినది అను సంగతులు ప్రతిదినము దానిపై సుద్దముక్కతో వ్రాయవలెను. కల్లు అయిపోయినవెంటనే ‘నేటి కల్లు అయిపోయినది’ అని వ్రాసి లొట్టిని బోర్లించవలెను. ఎల్లప్పుడు కల్లు దొరకు దుకాణమును నమ్మకుడు. అయిపోవు దుకాణమునే నమ్ముడు. ఆబ్కారీ శాఖవారు నమూనాలు తీసి పరీక్షించిన ఫలితమును ఆ బల్లప్రక్కనే అంటింపవలెను.

సహకార సంఘమే యజమానిగా ఉండవలెనని నేను పట్టుపట్టుటకు కారణము మన జిల్లా చరిత్రయే. నిజాము కాలమున ఆబ్కారీ గుత్తేదారు చెట్టుపైని చెమటకు ధర నిర్ణయించుచుండెను. సూర్యాపేటలో గౌడకుటుంబమున జన్మించిన బొమ్మగాని ధర్మభిక్షము గీతపనివారలను కూడగట్టి, తదుపరి నల్లగొండ నుండి రెండు పర్యాయములు లోక్‌సభకు ఎన్నికైన సంగతి మనమెరుగుదుము. చెట్టెక్కువానిదే చెట్టుమీది హక్కు అను మాట ఇచ్చట ఉబుసుపోక పలికినది కాదు. 2024 జూలైలో ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచము పేర గీతకార్మికులకు పరికరములు పంచ నారంభించినది, మంచిదే. కాని ప్రాణమునకు తెగించి దించిన లొట్టి మండువలో చిల్లరకు అమ్ముడగుచుండగా, అదియే బల్లమీదకు వచ్చునప్పుడు కలుగు లాభము మరియొకని పాలగుట న్యాయము కాదు.

తల్లులు అడుగబోవు ప్రశ్న నేనెరుగనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడి, 1993 అక్టోబరు 1 నాటికి సారాను నిషేధింపజేసిన ఈ తెలుగు నేలపై, మరల త్రాగుచోటును కోరుట తగునా? బిడ్డల యెదుట త్రాగుట వారికి నేర్పుట గాదా? ఈ ప్రశ్నను తేలికగా తీసివేయుట నాకిష్టము లేదు. త్రాగుబోతును భార్య ఎదుట కూర్చుండబెట్టిన మాత్రమున మంచివాడగునని నేను చెప్పజాలను; వానికి వైద్యుడు కావలెను. కాని నిలుచుండి గొంతులో పోసికొనువానికి, తల్లి ఎదుట రొట్టె త్రుంచుచు ఒక ముంత త్రాగువానికి భేదము గలదు. ఆ భేదము తల్లికే ముందుగా తెలియును. నూటికి నాలుగైదు పాళ్ల మత్తుగల కల్లునకు తప్ప మరి ఏ మత్తుపానీయమునకును ఆ గదిలో చోటుండరాదు. 21 సంవత్సరములు నిండని వానికి కల్లు చుక్కయు పోయరాదు. పిల్లలకు నీరా యున్నది.

నీరాను గూర్చి ఒకమాట. అది కల్లు కాదు, పులియకముందటి చెట్టురసము. లోపల సున్నము పూసిన కుండలోనికి దింపి, సూర్యోదయమునకు ముందే తెచ్చి, మంచుపెట్టెలో నుంచినగాని దాని తీపి నిలువదు. ఆలస్యమైన గంట గంటకు అది కల్లగుచుండును. 2023 మే మాసమున హుస్సేన్‌సాగరు తీరమున నెక్లెస్ రోడ్డుపై ప్రభుత్వము నీరా కేఫ్ తెరచినది. ఆ నీరా తోపుల నుండి పట్నమునకు చల్లని పెట్టెలలో ప్రయాణము చేయవలసియున్నది. మనకు తోపు ప్రక్కనే యున్నది. కావలసినది ఒక శీతలయంత్రము, ఒక చిన్నబండి, వేకువన లేచు ఇద్దరు యువకులు.

స్థలము విషయమున పురపాలక సంఘమువారు తొందరపడి 167వ నెంబరు జాతీయ రహదారి ప్రక్కన చూపకుందురు గాక. ఆ త్రోవన సిమెంటు లారీలు పోవుచుండగా త్రాగినవానిని మోటారు సైకిలుపై పంపుట హత్యతో సమానము. పట్టణము నడిబొడ్డున, ఇంటికి నడచిపోగల దూరమున, నాలుగు చెట్ల నీడయు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్లును గల చోటు కావలెను. ఏసీ లేకున్నను చింత లేదు. రాత్రి తొమ్మిదింటికి తలుపు మూయవలెను.

పురపాలక సంఘమునకును, ఆబ్కారీ అధికారులకును, గీత కార్మిక సహకార సంఘమునకును సమర్పింపవలసిన విన్నపపత్రమును సిద్ధపరచితిని. మాఘమాసమునకు తాళ్లు గీతకు వచ్చును. అంతకు ముందే దానిని అందజేయవలెనని సంకల్పము. ఈ కరపత్రము తెచ్చి ఇచ్చినవారి చేతిలోనే సంతకముల పుస్తకమును గలదు. అందు మొదటి పుటను తల్లుల కొరకు ఖాళీగా విడిచితిని.