ముల్లు వంచిన గాలం

మా మేనల్లుడు మూడు లక్షలు ఖర్చుపెట్టి చేపలు పట్టి, పట్టినవన్నీ మళ్లీ నీళ్లలో వదిలేసి వచ్చాడు. ఈ వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇంతకు మించిన వార్త లేదు. "ఒరేయ్, ఆ డబ్బు పెట్టి చేపలు కొంటే ఊరంతటికీ పులుసు వండొచ్చు కదరా" అని మా పెద్దబావ. "వదిలేముందు చేపకి బొట్టు కూడా పెట్టావా నాయనా?" అని మా వదిన. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. నేనూ ఒకటి పెట్టబోయి ఆగి, వాడు పంపిన నలభై సెకన్ల వీడియో ఇంకోసారి చూశాను. అప్పట్నుంచీ చిరాకుగా ఉంది. వాడి మీద మాత్రం కాదు.

వీడియోలో వాడు రబ్బరు పడవ ముందు కొసన మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెనక తెడ్లు పట్టుకుని గైడు, అంటే మన గోదారి లెక్కలో సరంగు. పాతికేళ్ల అమ్మాయి. పడవను ఒడుపుగా ఒక బండ చాటుకు తిప్పి నిలబెట్టింది. వాడు ముందు చెయ్యి నీళ్లలో ముంచాడు. పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోయి చేప జబ్బు పడుతుందట. జానెడున్నర చేప. దవడ కింద అటొకటి ఇటొకటి కత్తితో గీసినట్టు ఎర్రటి గీతలు. అందుకే దాన్ని కట్‌త్రోట్ ట్రౌట్ అంటారు. చేపను పైకెత్తి ఫొటోకు పోజు పెట్టలేదు. నీళ్లలోనే ఉంచి, దాని మూతికి తగులుకున్న ఈకల ఈగను రెండు వేళ్లతో వెనక్కి తోశాడు. గాలం జారి చేతిలోకొచ్చేసింది. చేప ఒక్క క్షణం అరచేతి మీదే నిలబడి, మొప్పలు రెండుసార్లు ఆడించి, వెళ్లిపోయింది.

గాలం అలా జారి రావడమే నన్ను పట్టేసింది. నేను కోనసీమలో కాలువ గట్టున పెరిగినవాణ్ని. వెదురుకర్ర, నెమలీక కాడతో బెండు, కొబ్బరిచిప్పలో వానపాములు. గాలం కొనకి లోపలివైపు తిరిగి ఉండే ఎదురుముల్లే మాకు అసలు ధైర్యం. ఒకసారి దిగితే చేప ఎంత గింజుకున్నా ఊడదు. ఆ ముల్లును పటకారుతో నొక్కి వంచేసి చేపలు పట్టమంటే మా రోజుల్లో పిచ్చాసుపత్రి దారి చూపించేవాళ్లం. మావాడు వెళ్లిన నదిలో అది చట్టం. ఎర గుచ్చకూడదు. ఈకలు, వెంట్రుకలు దారంతో చుట్టి చేసిన దొంగ ఈగతోనో, అలాంటి ఇంకో దొంగ ఎరతోనో పట్టాలి. గాలానికి ఒకటే కొన, దానికి ఎదురుముల్లు ఉండకూడదు. పట్టిన ట్రౌట్‌ను వదిలెయ్యాలి. 1970ల తొలినాళ్ల నుంచీ ఇదే పద్ధతి. అంతకుముందు వాళ్లూ మనలాగే బుట్టలు నింపుకుని, చేప కరువయ్యాక తెలివి తెచ్చుకున్నారు.

ఆ నది అమెరికాలో ఐడహో రాష్ట్రంలో ఉంది. సాల్మన్ నదికి ఉపనది, మిడిల్ ఫోర్క్ అంటారు. వంద మైళ్ల పైన పొడవు, ఒక్క ఆనకట్ట లేదు. 1968 అక్టోబరు 2న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన నదుల రక్షణ చట్టంలో మొదటి ఎనిమిది నదుల్లో ఇదొకటి. చుట్టూ ఉన్న రక్షిత అరణ్యం 23 లక్షల ఎకరాల పైమాటే. మన పాత పశ్చిమ గోదావరి జిల్లా అందులో పట్టగా ఇంకా చోటు మిగులుతుంది. ఆ అరణ్యంలో రోడ్డు వెయ్యరు. ఆగస్టులో ఎగువన నీళ్లు తగ్గితే స్టాన్లీ అనే చిన్న ఊరి నుంచి బుల్లి విమానమెక్కి, ఇండియన్ క్రీక్ దగ్గర మట్టి రన్‌వే మీద దిగి, అక్కడ పడవెక్కాలి. వేసవి రద్దీలో రోజుకు ఏడు బృందాలకే నదిలో దిగడానికి అనుమతి. సొంత పడవలతో వెళ్లేవాళ్లు బృందానికి 24 మంది, కంపెనీ గైడ్లతో వెళ్తే 30 మంది, అంతకు మించకూడదు. సొంతంగా వెళ్లాలంటే డిసెంబరు 1 నుంచి జనవరి 31 లోపు దరఖాస్తు పెట్టుకుని లాటరీ కోసం ఎదురుచూడాలి. తిరుమల సేవా టికెట్ల లక్కీ డిప్ తెలిసినవాళ్లకు ఆ ఎదురుచూపు గురించి నేను చెప్పక్కర్లేదు. మావాడు మూడేళ్లు దరఖాస్తు పెట్టి, లాటరీ తగలక, చివరికి కంపెనీ వాళ్లతో వెళ్లాడు.

ఇక నా పిచ్చి దగ్గరికొస్తాను. ఈ శీర్షిక చదివేవాళ్లకు అది తెలిసిందే: మరుగుదొడ్లు. ఆరు రోజుల ప్రయాణం, పాతికమంది, ఒడ్డున ఒక్క కట్టడం లేదు. మరి? ఒక ఇనప పెట్టె. పూర్వం సైన్యం తూటాలు పెట్టుకునే డబ్బాను వాడేవాళ్లు. పైన సీటు లేకుండా అంచుల మీదే కూర్చుంటే ఒంటి మీద రెండు గాళ్లు పడేవట, అందుకని దాని పేరు గ్రూవర్. ఇప్పుడు సీటు వచ్చింది గానీ పేరు పోలేదు. బస చేసినచోట చెట్ల చాటున, నది కనబడే మంచి చోటు చూసి దాన్ని పెడతారు. తలుపుండదు. దారి మొదట్లో చేతులు కడుక్కునే బకెట్ పక్కన ఒక తెడ్డు నిలబెడతారు. తెడ్డు కనబడకపోతే లోపల మనిషున్నట్టు. అందరూ బయల్దేరేటప్పుడు పెట్టెకు మూత బిగించి, తాళ్లతో కట్టి, పడవలోకి ఎక్కిస్తారు. తాము తిన్నదాని ఫలితాన్ని తామే ఆరు రోజులు మోసుకుని ఒడ్డు చేరుస్తారు. పొయ్యి కూడా నేల మీద పెట్టకూడదు, ఇనప పళ్లెంలోనే మంట, ఆ బూడిదా సంచిలోకే. అంట్లు కడిగిన నీళ్లు వడగట్టాలి, వడపోతలో మిగిలిన మెతుకు కూడా సంచిలోకే.

మావాడు ఆ పెట్టె ఫొటో కూడా గ్రూపులో పెట్టాడు. దాని మీద ఒక్కరూ మాట్లాడలేదు. నన్నడిగితే ఆ మూడు లక్షల్లో విలువైన ఫొటో అదొక్కటే. వందల ఏళ్లు నదిని తల్లీ అని పిలిచినవాళ్లం మనం. తల్లి ఒడిలో ఏం చేయకూడదో రాసిపెట్టినవాళ్లు వాళ్లు.

పోయిన కార్తీకంలో పాపికొండలు వెళ్లాను. లాంచీ పేరు అనవసరం, ఏ లాంచీ ఎక్కినా కథ ఒకటే. పై అంతస్తులో చెవులు చిల్లులు పడేలా డీజే. పేరంటపల్లి కొండ పచ్చగా, నిశ్శబ్దంగా దగ్గరికొస్తుంటే దాని మీదికి ఐటం పాట. భోజనాలయ్యాక వంటవాళ్ల కుర్రాడు ఎంగిలి పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు నిండిన గంపను రెండు చేతులా ఎత్తి నీళ్లలో బోర్లించాడు. అంత మామూలుగా ఎలా చేశాడంటే, వాకిట్లో కళ్లాపి చల్లినట్టు. "అదేం పని బాబూ?" అన్నాను. "గోదారమ్మ కడుపులో దాచుకుంటుందండీ" అన్నాడు, నవ్వుతూ. అతన్ని ఏమనను? పక్కనే కూర్చున్న రిటైరైన ఇంజనీరుగారు తన గ్లాసు కూడా గిరాటేసి చెయ్యి దులుపుకున్నారు. లైఫ్ జాకెట్లు ఫొటో దిగేదాకా వేసుకుని, తర్వాత తలకింద దిండ్లు చేసుకున్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు ఎన్ని నిబంధనలు చదివాం, ఎన్ని రోజులు చదివాం? మన దగ్గర నిబంధనలకు ఆయుష్షు పత్రికల్లో ఆ వార్త ఉన్నంతకాలమే.

ఇంత చెప్పానని అమెరికావాళ్లకు హారతిస్తున్నాననుకోకండి. వాళ్ల అరణ్యచట్టం 1964 నాటిది. అరణ్యంలో మనిషి వచ్చిపోయే అతిథే గానీ ఉండిపోయేవాడు కాదు అన్నది దాని సారం. వినడానికి ఉపనిషత్తులా ఉంటుంది. కానీ ఆ లోయలో తరాల తరబడి ఉండిపోయినవాళ్లున్నారు. షోషోనీల్లో తుకుడెకా తెగవాళ్లు కొండగొర్రెను వేటాడి బతికేవాళ్లు, దాని కొమ్ముతోనే విల్లు చేసేవాళ్లు. ఆ కొండరాళ్ల మీద వాళ్లు గీసిన ఎర్రని బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. 1879లో సైన్యాన్ని పంపి వాళ్లను పట్టుకున్నారు, ఆ తర్వాత ఫోర్ట్ హాల్ రిజర్వేషన్‌కు, అంటే తెగలకని విడిగా కేటాయించిన చోటికి, చేర్చారు. నూరేళ్లు తిరిగాక 1980లో అదే చోటును మనిషి జాడలేని అరణ్యంగా ప్రకటించారు. ఇల్లు ఖాళీ చేయించి, ఇల్లెంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకోవడమే ఇది. పోలవరం ముంపులో కొండరెడ్ల గూడేలు ఖాళీ చేయించి, అదే రేవుల నుంచి గిరిజన సంస్కృతి చూద్దాం రండి అని టికెట్లమ్మే మనకు ఈ తర్కం కొత్తేమీ కాదు.

అసలు బాధ ఇంకొకటుంది. ఆ నది పేరే సాల్మన్. ఆ చేప మన పులసకు వేలు విడిచిన చుట్టం లాంటిది. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది పుట్టిన చోటికే వస్తుంది. మిడిల్ ఫోర్క్‌లో పుట్టే చినూక్ సాల్మన్ ఎనిమిది వందల మైళ్లకు పైగా ఈదాలి. ఆ దారిలో కొలంబియా నది మీద నాలుగు, స్నేక్ నది మీద నాలుగు, మొత్తం ఎనిమిది ఆనకట్టలు. ప్రతిదానికీ చేపలెక్కే మెట్లున్నాయి. పెద్ద చేప ఎలాగో ఎక్కుతుంది. తిరుగుదారిలో పిల్లలు దిగడమే గండం. మంచు కరిగిన వరదలో తోక ముందుకు పెట్టి కొట్టుకుపోయి సముద్రంలో పడే పిల్లలకు, ఇప్పుడు పారే నదికి బదులు వరసగా నిలవనీటి చెరువులు. నీరు వేడెక్కుతుంది, పెద్ద చేపలు కాచుక్కూర్చుంటాయి, తప్పించుకుంటే టర్బైన్లు. అందుకని ఏళ్లుగా సర్కారే చేపపిల్లల్ని పట్టి, బార్జీల్లో, లారీల్లో నింపి ఆనకట్టలు దాటిస్తోంది. చేపలు పడవెక్కి సముద్రానికి వెళ్తున్నాయి, మనుషులు వాటిని వెతుక్కుంటూ వేరే పడవెక్కి ఎగువన తిరుగుతున్నారు!

అసలు సాల్మన్ నది తలాపున రెడ్‌ఫిష్ సరస్సుంది. సముద్రం నుంచి తొమ్మిది వందల మైళ్లు ఈది, ఆరున్నర వేల అడుగులు ఎక్కితే గానీ సాకై సాల్మన్ అక్కడికి చేరదు. 1992లో ఆ సరస్సుకు తిరిగొచ్చింది ఒకే ఒక్క చేప, అదీ మగది. ఒంటరి లారీ అని పేరు పెట్టి ముచ్చటపడ్డారు. స్నేక్ నది మీది నాలుగు గోడల్నీ తీసెయ్యాలని ఆదివాసీ తెగలు, చేపల శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా అడుగుతున్నారు. ఆ గోడల వల్లే సముద్రానికి 465 మైళ్ల లోపలున్న లూయిస్టన్ ఓడరేవైంది, గోధుమలు బార్జీల మీద దిగుతున్నాయి, కరెంటు వస్తోంది. 2023 డిసెంబరులో ఈ చేపల కోసం తెగలతో ప్రభుత్వం ఒక ఒప్పందానికొచ్చింది. 2025 జూన్‌లో ట్రంప్ దాన్ని రద్దు చేశాడు. గాలానికున్న గోరంత ముల్లును వంచడానికి చట్టం వచ్చి యాభై ఏళ్లు దాటింది. నదికి అడ్డంగా ఉన్న గోడ జోలికి మాత్రం చట్టం వెళ్లలేదు.

నాకు తిట్టే హక్కు ఎంతుందో కూడా చెప్పాలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించాకే మా కోనసీమకు అన్నం కుదిరింది. నేను తిన్న ప్రతి ముద్దా ఆ నీళ్లదే. దొరకు విగ్రహాలు పెట్టుకున్నాం, తప్పులేదు. ఆ గోడ పులస దారికి అడ్డమన్నదీ నిజమే. ఆ గోడ తియ్యమని నేననలేను, నా కంచం ఒప్పుకోదు. పులస మీద నా భక్తి కూడా అందరిలాంటిదే. పుస్తెలమ్మైనా తినాలన్న సామెత మనదే. వరద నీళ్లు ఎర్రబడగానే యానాం, రావులపాలెం రేవుల్లో వాకబు చేసే పాపాత్ముల్లో నేనూ ఒకణ్ని. ఒక విషయం ఈ వారమే నాకు తట్టింది. ఇన్నేళ్లూ నేను అడిగి మరీ, రేటెక్కువైనా ఫర్వాలేదని మరీ కొన్నది కడుపునిండా గుడ్లున్న పులస. అంటే గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి వచ్చిన తల్లిని, ఆ పని కాకముందే.

మేనల్లుణ్ని వెక్కిరించినవాళ్లకు నాదొక విన్నపం. మూడు లక్షలు పెట్టి ఐడహో వెళ్లమనను. ఇప్పుడు పులస రోజులే. రేవులో చేపలావిడ గంప మూత తీసినప్పుడు, గుడ్లున్నది నాకొద్దు తల్లీ అని ఒక్కసారి చెప్పి చూడండి. వంద గడపలు ఆ మాటంటే గుడ్లున్న పులసకు రేటు పడుతుంది, రేటు పడితే వల పడే చోటు మారుతుంది. మనకు చేతనైన ముల్లు వంచడం అదే. మా ఇంట్లో నిన్న ఈ మాట చెప్పాను. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.