కాచితే క్రిములు చస్తాయి, సీసం పోదు



"నీళ్లు కాచి చల్లార్చి తాగండి." వార్డులోనైనా, పల్లెలోనైనా మా నర్సులు ఏళ్ల తరబడి చెప్పిన మాట ఇది. క్రిముల విషయంలో ఆ మాట నేటికీ నిజమే. కాని అది సగం మాటేనని మేము ఒప్పుకోవాలి. సీసం, కాడ్మియం, యురేనియం వంటి లోహాలు ఎంత కాచినా పోవు. నీళ్లు మరిగి తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో వాటి పాలు ఇంకా పెరుగుతుంది. ఉప్పులాగా కరిగి ఉంటాయి కనుక గుడ్డతో వడపోసినా ఆగవు.

కరిగినదాన్ని విడదీసే పద్ధతులు వేరు. అందులో ఒకటి బోధన్ వారికి తెలిసినదే. 2015 డిసెంబరులో మూతపడిన మన చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసానికి సున్నం కలిపేవారు. మలినాలు ముద్దకట్టి అడుగుకు దిగేవి, తేట రసం పైన నిలిచేది. పరిశ్రమల మురుగు నీటిలోనూ సున్నం వేస్తే, కరిగిన సీసం కరగని పొడిగా మారి అడుగున చేరుతుంది. ఇంకో పద్ధతిలో రెజిన్ పూసలు తమలోని ఉప్పు భాగాన్ని నీటికి వదిలి, బదులుగా లోహాన్ని పట్టుకుంటాయి. తాగునీటిలోని యురేనియాన్ని తీయడానికి తగిన రెజిన్ గాని, ఆర్‌ఓ గాని వాడతారు.

ఒక లోహానికి పనికివచ్చినది మరొకదానికి పనికిరాకపోవచ్చు. అందుకే మా అభిప్రాయం ఒక్కటే: ముందు పరీక్ష, తర్వాతే ఫిల్టర్. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛతో పడిపోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల మీదికీ వెళ్లింది. అంత పెద్ద పరీక్షలకే ఒక పట్టాన తేలని సంగతి, ఇంటి గుమ్మంలో నిలబడి అమ్మేవారికి ఎలా తెలుస్తుంది?

కొందరు రెండు కడ్డీల కరెంటు పరికరాన్ని మీ నీళ్లలో ముంచి, నీళ్లు ఎర్రబడగానే "చూశారా విషం!" అంటారు. ఆ ఎరుపు కడ్డీలోని ఇనుముదే. టీడీఎస్ మీటరు చూపేది మొత్తం లవణాలను మాత్రమే. మన దేశంలో తాగునీటిలో సీసానికి హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. వందల్లో అంకెలు చూపే మీటరుకు అది అందదు.

ఒంట్లో చేరిన లోహాన్ని తీయడం మరీ జాగ్రత్తగా చేయవలసిన పని. రక్తంలో సీసం బాగా ఎక్కువైనప్పుడు డాక్టర్లు కాల్షియం ఈడీటీఏ వంటి మందు ఇస్తారు. అది సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపుతుంది. కాని మనకు కావలసిన జింకును కూడా లాగేస్తుంది, మూత్రపిండాలకు హాని చేయగలదు. అందుకే మూత్రం కొలుస్తూ, రక్తం పరీక్షిస్తూ ఇస్తారు. సీసం ఏ దారిన వస్తోందో ఆ దారి మూయకపోతే ఆ మందు వల్ల ఫలితం నిలవదు. ఒంట్లోని విషాలన్నీ కడిగేస్తామనే పొడులు కొని పిల్లలకు పట్టించకండి.

చివరిగా మరొక మాట. విడదీసిన లోహం మాయమైపోదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తీయగా మిగిలిన వ్యర్థాన్ని పెద్ద చెరువులా కట్టి నిలవ చేస్తారు. దానివల్ల తమ బోర్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు, సంస్థ కాదంది. మన ఇంట్లో జరిగేది చిన్నదే కావచ్చు, లెక్క మాత్రం అదే. బోరులో లోహం ఉంటే ఆర్‌ఓ బయటికి వదిలే నీళ్లలో అది ఇంకా ఎక్కువగా ఉంటుంది. ఆ నీళ్లు పశువులకు పెట్టకండి, కూర మడులకు పారించకండి.

ఒక్కో ఇల్లు ఫిల్టరుకు వేలు పోసే ముందు, వాడకట్టు వారంతా కలిసి ఒక బోరు నీళ్లను ప్రభుత్వ ప్రయోగశాలకు పంపండి. లోహాల పరీక్ష కావాలని విడిగా అడగండి. ఆ కాగితం వచ్చాక మా దగ్గరికి తీసుకురండి, కలిసి చదువుకుందాం. అప్పటిదాకా కాచి చల్లార్చిన నీళ్లే తాగండి. క్రిముల భయమైనా తీరుతుంది.

— నర్సింగ్ సూపరింటెండెంట్