పరుసవేది కథయు మన విద్యార్థులును

ఉస్మానియా విశ్వవిద్యాలయావరణమునందును, దాని చెంతనున్న తార్నాకయందును పరీక్షలకు చదువుకొను యువకులు ధైర్యముకొఱకు చేపట్టు నవల యొకటి కలదు. బ్రెజిల్ దేశీయుడగు పౌలో కోయెల్హో 1988లో పోర్చుగీసున రచించిన యీ గ్రంథము 1993లో ‘ది ఆల్కెమిస్ట్’ అను పేర నింగ్లీషున వెలువడి, నేటికి 80కి పైగా భాషలలోనికి పోయినది. మేమును మిక్కిలి యాశతో చదివితిమి; నిరాశ చెందితిమి.

సాంటియాగో యను గొఱ్ఱెలకాపరి పిరమిడ్లకడ నిధి యున్నట్లు కలగని, మంద నమ్ముకొని యెడారి దాటిపోవును. అచ్చట తన్ను కొట్టిన దొంగ చెప్పిన కలనుబట్టి నిధి తన దేశమందే కలదని గ్రహించును. ఇది ప్రాచీన కథయే. అరేబియన్ నైట్స్‌లోను, రూమీ మస్నవీలోను బాగ్దాదువాడొకడు కైరోకు పోయి యిట్లే తన్నులు తిని, ఇంటనే నిధి కనుగొనును. అచ్చట నది దైవానుగ్రహము. కోయెల్హో దానిని లోకధర్మముగా మార్చెను: మనసార కోరినవానికి విశ్వమంతయు తోడ్పడునట! మా వివాద మీ సూత్రముతోనే.

కోరినవానికి సిద్ధించుట నియమమైనచో, సిద్ధింపనివాడు సరిగా కోరలేదని తేలుచున్నది. 2022 అక్టోబరులో తెలంగాణమున 503 గ్రూప్-1 ఉద్యోగములకు ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు వెల్లడియైనందున 2023 మార్చిలో రద్దయ్యెను. జూన్‌లో మరల జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో గాని క్రొత్త ప్రకటన రాలేదు. తల్లిదండ్రులు పంపిన సొమ్ముతో గదియద్దె కట్టుచు రెండుమార్లు పరీక్ష వ్రాసినవాని కోరికలో లోప మేమి? దోష మొకచోట నుండగా అపరాధభావము వేఱొకరి నెత్తిన పెట్టుట ధైర్యము చెప్పుట యగునా? కార్యసిద్ధికి భగవద్గీత యైదు కారణములను జెప్పి, కర్తను వానిలో నొకనిగా మాత్రమే యెంచినది. ఈ నవల కర్త కోరికనే సర్వమును జేసినది.

ఫాతిమా సంగతి చూడుడు. పురుషునకు కల, ప్రయాణము, నిధి. ఆమెకు ఒయాసిస్సులో నిరీక్షణము. స్త్రీవిద్యకై నూఱేండ్లకు పైగా వాదించిన మనము దీనిని ప్రేమ యని మెచ్చుకొనవలెనా?

“నిరాశలో నున్నవానికి ఊఱట నిచ్చు పుస్తకమును ఖండింపనేల?” అని కొంద ఱందురు. ఊఱట యవసరమే. ఈ గ్రంథమందును మెచ్చదగిన భాగము కలదు. సొమ్మంతయు దొంగల పాలైన పిదప ఆ బాలుడు టాంజియరులో గాజుసామానుల దుకాణమున జేరి, దుమ్ము తుడిచి, బేర మెఱిగి, గాజుపాత్రలలో తేనీరమ్ము నుపాయము పన్ని, ఏడాదిలోగా సొమ్ము కూడబెట్టును. అచ్చట విశ్వము కాదు, చేతులు పనిచేసినవి. యజమానుడు పనియు కూలియు నిచ్చెను. ఆ ప్రకరణమును మఱచి శకునములనే జనులు తలకెత్తుకొనుచున్నారు.

వీరేశలింగముగారు 1878లో వివేకవర్ధనియందు ప్రకటింప మొదలిడిన రాజశేఖర చరిత్రమున, బంగారము చేసి యిత్తునన్న బైరాగిని నమ్మి రాజశేఖరుడు ఉన్న బంగారమును గోల్పోవును. ఆ నవలతో నెదిగిన జాతి పరుసవేదిని ప్రశ్నింపక నమ్ముట తగదు. కావున చదువరులు తమ కుమారునకో చెల్లెలికో ఈ పుస్తక మిచ్చునపుడు, గాజు దుకాణపు ప్రకరణమును రెండుమార్లు చదువుమనియు, పరీక్ష పోయినచో కారణములు విచారింపక తన్ను తాను నిందించుకొనవలదనియు జెప్పి మఱి యిత్తురుగాక.