45 డిగ్రీల ఎండ ఇంజిన్ ఆయిల్‌కు చలికాలమే

మార్చి వచ్చిందంటే ఉట్నూర్‌లో ఏ మెకానిక్ షెడ్డు ముందు ఆగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "తమ్మీ, ఎండలు ముదురుతున్నయ్. పల్చటి ఆయిల్ నీళ్లయిపోతది. ఈసారి జర చిక్కటిది పోద్దాం." వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, కాదనడానికి మనసు రాదు. పైగా ఆ చెప్పేది ఏళ్ల తరబడి జీపులు విప్పి బిగించిన మనిషి. ఆ చేతిపని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ సలహా ఆయన పని నేర్చుకున్న రోజుల నాటి ఇంజిన్లకు సరిపోయేది. మీ ఇంటి ముందున్న కారుకు సరిపోకపోవచ్చు.

ముందు డబ్బా మీది అంకెలు చదువుదాం. 5డబ్ల్యూ-30 అని రాసి ఉందనుకోండి. డబ్ల్యూ అంటే వెయిట్ అని చాలామంది అనుకుంటారు. కాదు, వింటర్. దాని ముందున్న అంకె, చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అది ఎంత చిన్నదైతే చలిలో అంత సులువుగా పారుతుంది. వెనకున్న అంకె, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా మిగులుతుందో చెబుతుంది. దీన్ని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తారు. ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 20 గ్రేడ్ ఆయిల్ ఆ వేడిలో 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 40 గ్రేడ్ అయితే 12.5 నుంచి 16.3 మధ్య. సెంటీస్టోక్ అంటే చిక్కదనానికి కొలత, అంతే.

నూనె చలికి చిక్కబడుతుందని మన ఏజెన్సీలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. చలికాలంలో ఇప్పనూనె గడ్డకట్టడం, వెచ్చబెడితే కరగడం చూసినవాళ్లమే. ఇంజిన్ ఆయిల్ అంతలా గడ్డకట్టదు గానీ, దారి అదే.

ఇప్పుడు అసలు లెక్క. మన దగ్గర చలి సామాన్యమైంది కాదు. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత అనగానే వార్తల్లో వచ్చే పేర్లు అర్లి(టి), సిర్పూర్(యు), గిన్నెధరి. అన్నీ మన చుట్టుపక్కలవే. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో 5 డిగ్రీల దరిదాపుల్లోకి దిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం 45 దాకా వెళ్తుంది. తేడా 40 డిగ్రీలు. మన ఒంటికి ఇది చాలా పెద్ద తేడా.

కానీ ఇంజిన్ లోపల ఆయిల్ పనిచేసేది దాదాపు 90 నుంచి 110 డిగ్రీల మధ్య. బయట చలి ఉన్నా, ఎండ ఉన్నా కూలెంట్‌ను 90 డిగ్రీల చుట్టుపక్కల ఉంచడానికి థర్మోస్టాట్ అని ఒక పరికరమే ఉంది. అంటే మే నెల మిట్టమధ్యాహ్నం మీరు తాళం తిప్పినప్పుడు కూడా, ఆయిల్ తన పని వేడికి ఇంకా 50 డిగ్రీల దూరంలో ఉంటుంది. మామూలు 0డబ్ల్యూ-20 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 8 సెంటీస్టోక్స్ ఉంటే, 40 డిగ్రీల దగ్గర 40 చుట్టుపక్కల ఉంటుంది. ఐదు రెట్లు చిక్కన! అదే 40 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50 అయితే 150 దాకా ఉంటుంది. 5 డిగ్రీల చలిలో మొదటిది రెండు వందల దగ్గర ఆగితే, రెండోది వెయ్యి దాటిపోతుంది.

అంటే మనకు చెమటలు పట్టే ఎండ కూడా ఆయిల్‌కు చలికాలం కిందే లెక్క. "ఎండాకాలం కదా, చిక్కటిది పోద్దాం" అన్న మాట ఇక్కడే తేలిపోతుంది.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లి, కారును రాత్రంతా ఆరుబయట ఉంచి, తెల్లారుజామున స్టార్ట్ చేస్తారనుకోండి. ఆ మొదటి కొన్ని క్షణాలే ఇంజిన్‌కు గండం. రాత్రంతా ఆయిల్ కిందికి జారి సంపులో చేరి ఉంటుంది. పంపు దాన్ని పైన క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కించాలి. మరీ చిక్కగా ఉంటే అది పైకి చేరడం ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. ఒక్కరోజుతో ఏమీ కాదు. ఏళ్ల తరబడి జరిగితే ఇంజిన్ "బోర్‌కు వచ్చింది" అన్న మాట అనుకున్నదానికంటే ముందే వింటాం. లోన్ పెట్టి సెకండ్ హ్యాండ్ కారు కొని, కిరాయిలకు తిప్పుకునేవాళ్లకు ఆ మాట అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

పాత ఇంజిన్లకు చిక్కటి ఆయిల్ ఎందుకు నడిచింది మరి? వాటిలో భాగాల మధ్య సందులు కాస్త వదులు. ఇప్పటి ఇంజిన్లలో బేరింగ్ సందులు వెంట్రుక మందం కంటే తక్కువ. పైగా చాలా పెట్రోల్ ఇంజిన్లలో వాల్వ్ టైమింగ్‌ను మార్చేది ఆయిల్ ప్రెజరే. సన్నటి దారుల్లోంచి ఆయిల్ సమయానికి వెళ్లాలి. చిక్కటిది పోస్తే మైలేజీ తగ్గుతుంది, టైమింగ్ వ్యవస్థ మందకొడిగా స్పందిస్తుంది. అందుకే మారుతి కే-సిరీస్ పెట్రోల్ కార్లలో చాలావాటికి కంపెనీ 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిలే చెబుతుంది. పాతతరం డీజిల్ బండ్లకు 15డబ్ల్యూ-40 మామూలే. రెండూ కరెక్టే, ఎవరి ఇంజిన్‌కు వాళ్లది.

అలాగని "పల్చటిదే మంచిది" అనడం లేదు. 15డబ్ల్యూ-40 అడిగే ఇంజిన్‌లో 0డబ్ల్యూ-20 పోస్తే, లోడ్‌తో కెరమెరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆ పల్చటి పొర తెగిపోవచ్చు. తెగితే బేరింగులు పోతాయి. ఎక్కువైనా నష్టమే, తక్కువైనా నష్టమే.

సాఫ్ట్‌వేర్‌లో మాకు ఒక పాత సూత్రం ఉంది: ఊహించుకునే ముందు డాక్యుమెంటేషన్ చదువు. కారుకు అది గ్లవ్ బాక్స్‌లో ప్లాస్టిక్ కవర్‌లోనే మగ్గిపోతున్న ఓనర్స్ మాన్యువల్. చాలావాటిలో బయటి ఉష్ణోగ్రతకు ఏ గ్రేడ్ సరిపోతుందో ఒక చార్ట్ ఉంటుంది. 5 నుంచి 45 డిగ్రీల దాకా మొత్తం కవర్ చేసే గ్రేడ్ ఎంచుకుంటే చాలు, కాలానికో ఆయిల్ మార్చే పనే లేదు. మాన్యువల్ రెండు గ్రేడులు ఒప్పుకుంటే, రోజూ ఫుల్ లోడ్‌తో ఘాట్లు ఎక్కేవాళ్లు అందులో కాస్త చిక్కటిది తీసుకోవచ్చు. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. షాపులో వాదించే పని ఉండదు, చూపిస్తే సరిపోతుంది.

గ్రేడ్ ఒక్కటే చూస్తే సరిపోదు, క్వాలిటీ కోడ్ కూడా చూడాలి. పెట్రోల్ కార్లకు ఏపీఐ ఎస్‌ఎన్, ఎస్‌పీ లాంటివి ఉంటాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ కారులో డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటే, బూడిద తక్కువ వదిలే ఆయిలే పోయాలి. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే ఫిల్టర్ త్వరగా నిండిపోతుంది.

బైకు ఉన్నవాళ్లకు ఒక మాట. కారు ఆయిల్ మిగిలింది కదా అని బైకులో పోయొద్దు. చాలా బైకుల్లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు ఉంటాయి కాబట్టి క్లచ్ జారుతుంది. బైకు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ-30, క్లాసిక్ 350కి 15డబ్ల్యూ-50. అక్కడ కూడా ఎవరిది వాళ్లదే.

"మరి నా కారు ఆయిల్ తాగుతోంది, చిక్కటిది పోస్తే తగ్గింది" అంటారా? తగ్గొచ్చు. కానీ అది జ్వరానికి తడిగుడ్డ లాంటిది. లోపల రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉంటాయి, అవి చూపించాలి. అలాగే టెంపరేచర్ ముల్లు పైకెక్కుతుంటే కూలెంట్, రేడియేటర్, ఫ్యాన్ చూడండి. ఆయిల్ చిక్కదనంతో అది తగ్గదు.

చివరగా, సరైన గ్రేడ్ కంటే ముందు కావాల్సింది సరిపడా ఆయిల్. చదునైన చోట కారు ఆపి, ఇంజిన్ ఆపాక కొద్ది నిమిషాలాగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. రంగు నల్లబడితే కంగారు వద్దు, మసిని పట్టుకోవడం ఆయిల్ పనే. కింది గీత కన్నా దిగి, మీ 0డబ్ల్యూ-20 ఊళ్లో దొరక్కపోతే, అర లీటరు 5డబ్ల్యూ-30 కలిపి నడపడం ఆయిల్ లేకుండా నడపడం కన్నా వెయ్యి రెట్లు మేలు. తర్వాత మొత్తం మార్పించుకోవచ్చు. జైనూర్ దారిలో, సిగ్నల్ లేని అడవి మధ్యలో ఎర్రటి ఆయిల్ లైట్ వెలిగితే మాత్రం "ఊరు దగ్గరే కదా" అనుకోవద్దు. అక్కడే పక్కకు తీసి, ఇంజిన్ ఆపేయండి. ఆ లైట్ వెలిగాక నడిపిన రెండు కిలోమీటర్లు ఇంజిన్‌నే మింగేస్తాయి.