త్రాసునందలి నీతి

పాపమనగా అంటు, మైల అని మాత్రమే యెంచువారు హెబ్రీయుల ధర్మశాస్త్రమును చదువవలెను. మైలవిధులు అందు లేవనము, కావలసినన్ని కలవు. అయినను ఆదికాండమున పాపమను మాట మొదట వచ్చునది ఏదెను తోటలో గాదు. 4వ అధ్యాయమున, అన్న తమ్మునిపై కనలినచోట. ఇక నీతియో? లేవీయకాండము 19వ అధ్యాయమున త్రాసునకును, తూనికరాళ్లకును చేర్చిన 'త్సెదెక్' అను పదమే దేవుని నీతికిని పేరు. కూలివాని కూలి తెల్లవాఱువఱకు నిలుపరాదనుటయు అచ్చటనే యున్నది.

ఆర్మూరు పసుపును గడపకు పూసి శుద్ధులమైతిమనుకొను మనము, అది కాంటాకెక్కిననాడు తరుగు పేరిట రైతునకెంత కోత పడినదో విచారించుచున్నామా? బజారు సంగతి అటుండనిండు. మన చేననే పసుపు త్రవ్విన కూలిదానికి నిన్నటి కూలి ముట్టినదా?