పెంపుడు కుక్కతో విదేశాలకు వెళ్తున్నారా? ఫ్లైట్ టికెట్ కంటే ముందు ఈ తేదీలు చూసుకోండి

వీసా వచ్చింది. ఉద్యోగంలో చేరే తేదీ ఖరారైంది. టికెట్లు కూడా బుక్ అయ్యాయి. అప్పుడు గుర్తొస్తుంది ఇంట్లో ఉన్న కుక్క సంగతి. ఓ వారం తిరిగితే సర్టిఫికెట్ వచ్చేస్తుందిలే అనుకుంటారు చాలామంది. కానీ వారంలో అయ్యే పని కాదిది. అమెరికాకైతే కనీసం రెండు నెలలు, బ్రిటన్, యూరప్ దేశాలకైతే కనీసం నాలుగు నెలలు పడుతుంది. డబ్బు పెట్టినా ఈ గడువు తగ్గదు. ఎందుకంటే ఇక్కడ లెక్క కాగితాలది కాదు, తేదీలది.

చిప్ ముందా? టీకా ముందా?

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ముందుగా కుక్క చర్మం కింద 15 అంకెల మైక్రోచిప్ వేయించాలి. ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్ లేనప్పుడు వేసిన టీకా ఆ కుక్కకే వేశారని నిరూపించలేం కాబట్టి, అది లెక్కలోకి రాదు. మన దగ్గర టీకా కార్డు ఉంటుంది, ఏటా టీకా కూడా వేయిస్తారు. చిప్ మాత్రం ఉండదు. అలాంటప్పుడు చిప్ వేయించి, టీకా మళ్లీ వేయించి, మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టాల్సిందే.

టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించాలి. రేబిస్‌ను తట్టుకునే యాంటీబాడీలు ఎంత ఉన్నాయో గుర్తింపు పొందిన ల్యాబ్‌లో చూస్తారు. మిల్లీలీటరుకు 0.5 ఐయూ లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. దీన్నే టైటర్ టెస్ట్ అంటారు.

ఏ దేశానికి ఎంత ఆగాలి?

అమెరికా: 2024 ఆగస్టు 1 నుంచి కొత్త రూల్స్ అమల్లో ఉన్నాయి. కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి. రక్తం తీసిన 28 రోజుల తర్వాతే అక్కడ దిగాలి. ఇండియాలో వేసిన టీకా, చిప్ వివరాల ఫారంపై ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరణ ఉండాలి. సీడీసీ ఆన్‌లైన్ ఫారం రసీదు కూడా దగ్గర ఉండాలి. సీడీసీ గుర్తించిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే బుకింగ్ చేసుకోవాలి. టైటర్ రిపోర్ట్ లేకపోతే ఆ కేంద్రంలోనే 28 రోజుల క్వారంటైన్, ఖర్చంతా మనదే.

ఇంకో మెలిక ఉంది. ఆ కేంద్రాలు ఉన్న ఎయిర్‌పోర్టులోనే కుక్క దిగాలి. ఈ రూల్స్ వచ్చినప్పుడు జాబితాలో ఉన్నవి ఆరే: న్యూయార్క్ జేఎఫ్‌కే, వాషింగ్టన్ డల్లెస్, ఫిలడెల్ఫియా, అట్లాంటా, మయామి, లాస్ ఏంజెలెస్. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ అందులో లేదు. అందుకే టికెట్ కొనే ముందే తాజా జాబితా చూసుకోవాలి.

బ్రిటన్, యూరోపియన్ యూనియన్: రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. పిల్లులకూ ఇదే రూల్. బ్రిటన్‌కు వెళ్లే కుక్కకైతే ప్రయాణానికి ఒకటి నుంచి ఐదు రోజుల ముందు నులిపురుగుల మందు వేయించాలి. విమానంలో మన పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం కుదరదు, కార్గోలోనే పంపాలి.

ఆస్ట్రేలియా: ఇండియా నుంచి నేరుగా అనుమతే లేదు. ముందు వాళ్లు ఆమోదించిన వేరే దేశంలో కుక్కను ఉంచి, అక్కడి నుంచి తీసుకెళ్లాలి.

ఎందుకింత కఠినం?

ప్రపంచంలో రేబిస్ మరణాల్లో దాదాపు 36 శాతం ఇండియాలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా మాత్రం 2007లోనే కుక్కల రకం రేబిస్ నుంచి బయటపడింది. దానికి తోడు 2020లో నకిలీ లేదా తప్పుడు టీకా కాగితాలతో వచ్చిన 450కి పైగా కుక్కలను సీడీసీ గుర్తించింది. దాంతో 2021 జులైలో ఇండియా సహా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల కుక్కలపై తాత్కాలిక నిషేధం పెట్టింది. ఇప్పటి రూల్స్ దాని కొనసాగింపే.

అందుకే "తేదీ కాస్త వెనక్కి వేయిస్తాం, మేం చూసుకుంటాం" అనే ఏజెంట్ల మాట నమ్మితే అసలుకే మోసం. కాగితాలు తేడాగా ఉంటే కుక్కను వచ్చిన దేశానికే తిప్పి పంపుతారు, అదీ మన ఖర్చుతోనే. ఆ తిరుగు ప్రయాణం మూగజీవికి ఎంత నరకమో చెప్పక్కర్లేదు.

చివరి స్టాంప్ ఇక్కడే

ప్రయాణానికి కొద్ది రోజుల ముందు కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం ఏక్యూసీఎస్ నుంచి హెల్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లో కేంద్రాలున్నాయి. విజయవాడ, విశాఖ వాళ్లు ఈ ప్రయాణం కూడా లెక్కలో వేసుకోవాలి. చాలామంది ఇక్కడి నుంచి మొదలుపెడతారు. నిజానికి ఇది ఆఖరి మెట్టు.

అమెరికా నుంచి కుక్కతో సెలవులకు వచ్చేవాళ్లకూ ఓ మాట. అక్కడ వేసిన టీకాకు సంబంధించిన ఫారంపై అమెరికా వ్యవసాయ శాఖ ధ్రువీకరణ బయల్దేరే ముందే తీసుకోవాలి. ఇక్కడికొచ్చాక అది దొరకదు. అది లేకపోతే తిరిగి వెళ్లేటప్పుడు రక్తపరీక్ష నుంచి కేంద్రం బుకింగ్ దాకా అన్నీ తప్పవు.

గడువు చాలక ఎన్నో కుక్కలు వయసు మళ్లిన అమ్మానాన్నల దగ్గరో, షెల్టర్లలోనో ఉండిపోతున్నాయి. విదేశాలకు వెళ్లే ఆలోచన ఏ మూలన ఉన్నా సరే, ఈసారి టీకాకు వెళ్లినప్పుడే ముందు చిప్ వేయించేయండి. ఆ తేదీ రాసిన కాగితం పాస్‌పోర్ట్ పక్కనే దాచుకోండి. వీసా ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు కానీ, ఇది మాత్రం మన చేతిలో పనే.